కాటుక పట్టినట్టు సిలికాన్‌ను పట్టడమెలా?

ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టడం మనలో చాలామంది చూసినదే. రాత్రి వెలిగించి వదిలేస్తే తెల్లారేసరికి పళ్లెం అడుగున మెత్తటి నల్లటి పొర పేరుకుంటుంది. దాన్ని గీకి, కాస్త వెన్నో ఆముదమో కలిపితే కాటుక. ఆ నలుపును ఎవరూ రోట్లో నూరలేదు, గుడ్డలో జల్లించలేదు. మరి అంత మెత్తదనం ఎక్కడిది?

దీపపు మంటలో నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరి వేడికి ముక్కలవుతుంది. విడిపోయిన కార్బన్ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న చిన్న గుంపులు కడతాయి. గుంపులు పెరిగి రేణువులవుతాయి. ఆ రేణువులు పైకి లేచి చల్లని పళ్లేనికి అంటుకుంటాయి. ఒక్కో మసి రేణువు అడ్డుకొలత కొన్ని పదుల నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అంటే మన పెద్దవాళ్లు పేరు తెలియకుండానే నానో రేణువులు తయారుచేశారన్నమాట.

సెమీకండక్టర్లను, ముఖ్యంగా సిలికాన్‌ను, ఇలాగే 'పట్టడం' కుదురుతుందా? కుదురుతుంది. కాకపోతే దానికి వాడేది దీపం కాదు, గుండుసూది కూడా దూరనంత సన్నని రంధ్రంలో వెలిగే ప్లాస్మా. ఎందుకలా, ఎలా అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

సిలికాన్‌ను అంత చిన్నది చేయడం దేనికి?

ఫోన్‌లోని చిప్ సిలికానే, ఇంటిమీది సౌర పలక సిలికానే. కానీ సిలికాన్‌తో చేసిన దీపం ఎక్కడా కనబడదు, ఎందుకంటే అది వెలుగునివ్వడంలో మహా బద్ధకస్తురాలు. సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకినప్పుడు ఆ తేడా కాంతిగా బయటికి రావాలి. సిలికాన్‌లో ఈ తేడా 1.12 ఎలక్ట్రాన్ వోల్ట్లు. ఆ లెక్కన వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1,100 నానోమీటర్లు. అది పరారుణం, కంటికి ఆనదు. పైగా సిలికాన్‌లో ఎలక్ట్రాన్ నేరుగా దూకలేదు. స్ఫటికంలోని కంపనం సాయం పట్టాలి. ఆ సాయం అందేలోగా శక్తి చాలావరకు వేడిగా కరిగిపోతుంది.

1990లో బ్రిటన్‌లో లీ కాన్హమ్ సిలికాన్‌ను ఆమ్లంలో కొరికించి స్పాంజిలా చేసినప్పుడు అది గది వేడిలోనే ఎర్రగా వెలిగింది. దానికి కారణం చిన్నదనం. రేణువు ఐదు నానోమీటర్లకు తగ్గితే ఎలక్ట్రాన్ మసలడానికి చోటు చాలదు. వీణ మెట్ల మీద వేలు జరిపి మోగే తీగను పొట్టిది చేసేకొద్దీ స్వరం హెచ్చినట్టు, చోటు తగ్గేకొద్దీ ఎలక్ట్రాన్ మెట్ల మధ్య దూరం పెరుగుతుంది. కాంతి పరారుణం నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నారింజకు, ఇంకా చిన్నదైతే నీలం వైపుకు జరుగుతుంది. పదార్థం మారదు. కొలత మారితే చాలు, రంగు మారుతుంది.

ఇలాంటి రేణువులనే క్వాంటమ్ డాట్లు అంటారు. వీటిని కనిపెట్టి, చేసే పద్ధతి చూపినందుకే ఎకిమోవ్, బ్రూస్, బావెండీలకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. పేరున్న క్వాంటమ్ డాట్లలో చాలావాటిలో కాడ్మియం ఉంటుంది, అది విషం. ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని మోతాదుకు 0.01 శాతం హద్దు పెట్టింది. సిలికాన్‌కు ఆ బెడద లేదు. శరీరం లోపల వెలిగించే గుర్తులుగా, కిటికీ అద్దాల్లో ఎండను పట్టే పొరలుగా దాన్ని వాడాలన్న ఆశకు మూలం ఇదే.

పెద్ద ముక్కను నూరితే సరిపోదా?

సరిపోదు. మూడు నానోమీటర్ల సిలికాన్ రేణువులో ఉండేవి దాదాపు 700 పరమాణువులు. అందులో మూడో వంతు పైపొరలోనే ఉంటాయి. ఎంత గట్టి మరలో నూరినా అంత సన్నగా, అంత సమానంగా రాదు. వచ్చినదాంట్లోనూ పగుళ్లు, లోపాలు ఉంటాయి. ఒక్క లోపం చాలు, ఆ రేణువు వెలగదు.

ద్రావణంలో పెంచితే? కాడ్మియం సెలెనైడ్‌కు ఆ దారి బాగా పనికొచ్చింది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి ద్రవంలో అది చక్కగా స్ఫటికమవుతుంది. సిలికాన్ పరమాణువుల బంధాలు గట్టివి. అవి క్రమంగా సర్దుకోవడానికి కావలసిన వేడిని మామూలు ద్రావకాలు తట్టుకోలేవు.

మరి కాటుకలాగే మంటలో? మంటకు ఆక్సిజన్ కావాలి. సిలికాన్‌కు ఆక్సిజన్ కనబడితే ఆగదు, వెంటనే కలిసి సిలికా అయిపోతుంది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ను హైడ్రోజన్, ఆక్సిజన్ మంటలోకి పంపి మెత్తటి సిలికా పొడిని పరిశ్రమల్లో టన్నులకొద్దీ చేస్తున్నారు కూడా. పెయింట్లు చిక్కబడటానికి వాడేది ఆ పొడే. మనకు కావలసింది సిలికా కాదు, సిలికాన్. అందుకని ఆక్సిజన్ లేని మంట కావాలి. ఆ మంటే ప్లాస్మా.

ప్లాస్మా అంటే అదిరిపోయే వేడి కదా?

వెల్డింగ్ మెరుపూ ప్లాస్మాయే, ట్యూబ్‌లైట్ లోపలిదీ ప్లాస్మాయే. మొదటిది ఇనుమును కరిగిస్తుంది. రెండోదాని గాజును చేత్తో ముట్టుకోవచ్చు. వాయువులోని కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, ఎలక్ట్రాన్లూ, వాటిని పోగొట్టుకున్న పరమాణువులైన అయాన్లూ కలగలిసి తిరిగే స్థితికి 1928లో అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాస్మా అని పేరు పెట్టాడు. ఆ పేరులో వేడి ఎంతుండాలన్న షరతు లేదు.

రహస్యం బరువులో ఉంది. విద్యుత్ క్షేత్రం ముందుగా తరిమేది ఎలక్ట్రాన్లను, ఎందుకంటే అవి తేలిక. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కన్నా సుమారు 73,000 రెట్లు బరువు. నాలుగు టన్నుల ఏనుగు మీదికి యాభై అయిదు గ్రాముల నిమ్మకాయ విసిరినట్టు లెక్క. నిమ్మకాయ ఎగిరి వెనక్కి వస్తుంది, ఏనుగు కదలదు. అలాగే ఎలక్ట్రాన్లు ఢీకొని వెనక్కి మళ్లుతూ తమ వేగం తమ దగ్గరే ఉంచుకుంటాయి. వాటి ఉష్ణోగ్రత పది వేల కెల్విన్లు దాటుతుంది. చుట్టూ ఉన్న వాయువు మాత్రం అంత వేడెక్కదు. ఒకే గదిలో రెండు రకాల ఎండలన్నమాట.

ఎలక్ట్రాన్లలో జోరైనవి బంధాలను తెంచుతాయి. పొయ్యిలో వేల డిగ్రీలతో చేయాల్సిన పని ఇక్కడ అవి చేసిపెడతాయి.

సరే, అంత చిన్నగా ఎందుకు?

దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది వోల్టేజీ. వాయువులో విద్యుత్తు రాజుకోవడానికి ఎన్ని వోల్ట్లు కావాలన్నది పీడనం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుందని ఫ్రీడ్రిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లో చూపాడు. ట్యూబ్‌లైట్‌లో వాయువు పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ఒక శాతం కూడా ఉండదు. అందుకే నాలుగడుగుల గొట్టంలో పొడవునా తేలిగ్గా వెలుగుతుంది. పీడనం వెయ్యి రెట్లు పెంచితే దూరం వెయ్యి రెట్లు తగ్గించాలి. పది సెంటీమీటర్లు మిల్లీమీటరులో పదో వంతు అవుతుంది. ఇలా కొలత తగ్గిస్తే మామూలు వాతావరణ పీడనంలోనే, కొన్ని వందల వోల్ట్లతో ప్లాస్మా నిలుస్తుంది. పెద్ద పెద్ద శూన్య గదులు, పంపులు అక్కర్లేదు.

రెండోది వేడి. వాతావరణ పీడనంలో వాయువు చిక్కగా ఉంటుంది. ఒక్కో ఢీకి ఎలక్ట్రాన్ ఇచ్చేది కొద్దే అయినా ఢీలు కోట్లకొద్దీ జరుగుతాయి. విసిరింది నిమ్మకాయే అయినా కోట్ల నిమ్మకాయలు తగిలితే ఏనుగైనా కదులుతుంది. ప్లాస్మా పెద్దదైతే ఆ వేడి బయటికి పోలేక పేరుకుని, చివరికి వెల్డింగ్ ఆర్క్‌లా మారిపోతుంది. చిన్నదైతే వేడి గోడలకు చేరి తప్పించుకుంటుంది. పెద్ద గుండిగలో అన్నం గంటలకొద్దీ వేడిగానే ఉంటుంది, పళ్లెంలో పలచగా పరిస్తే నిమిషంలో చల్లారుతుంది. వేడి బయటికి పాకడానికి పట్టే సమయం కొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. సెంటీమీటరు వెడల్పును 0.2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 50 రెట్లు చిన్నది, వేడి 2,500 రెట్లు త్వరగా బయటపడుతుంది.

మూడోది సమయం. నానో రేణువు తయారీలో కష్టమంతా పుట్టించడంలో లేదు, ఆపడంలో ఉంది. పుట్టిన రేణువుకు పెరగడమే స్వభావం. సన్నని గొట్టంలో వాయువు దూసుకుపోతుంది కాబట్టి పెరిగే తీరిక దొరకదు. ఎంత తీరిక? మనమే లెక్క వేద్దాం. 0.2 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల పొడవున్న ప్లాస్మా ఘనపరిమాణం 0.063 ఘన మిల్లీమీటర్లు. నిమిషానికి 100 ఘన సెంటీమీటర్ల వాయువు పంపితే, అది ప్లాస్మాలో ఉండేది సెకనులో లక్షకు నాలుగు వంతులు. కాటుక పళ్లెం కింద మసికి దొరికే తీరిక ఇందులో దొరకదు.

ఆ సన్నని రంధ్రంలో ఏం జరుగుతుంది?

కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మోహన్ శంకరన్, సహచరులు 2005లో ప్రచురించిన పని ఈ దారిలో పేరొందింది. పరికరం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. ఇంజెక్షన్ సూదిలాంటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కేథోడ్. దానికి ఎదురుగా కాస్త ఎడంలో ఆనోడ్. మధ్యలో ఊదా రంగు చుక్కలా ప్లాస్మా. ఈ రకం పరికరాల్లో 400 వోల్ట్లు, 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే ఖర్చయ్యేది రెండు వాట్లు. పడగ్గదిలో రాత్రి వెలిగే పాతకాలపు చిన్న బల్బంత కూడా కాదు. అయినా అదంతా ఆవగింజలో సగం కూడా లేని చోట ఇమిడి ఉంటుంది కాబట్టి తీవ్రత విపరీతం. కరెంటు హద్దు దాటకుండా వరసలో ఒక రెసిస్టర్ పెడతారు. ట్యూబ్‌లైట్‌కు చోక్ చేసే కాపలాయే ఇదీ.

గొట్టంలోకి పంపేది దాదాపు అంతా ఆర్గాన్. అందులో పది లక్షల వంతుల్లో కొన్ని వంతులు మాత్రం సిలేన్. ఒక సిలికాన్, నాలుగు హైడ్రోజన్లున్న వాయువది. గాలి తగిలితే దానంతట అదే అంటుకుంటుంది. అంత పలచన చేయడంలో రేణువులు పెరగకుండా చూడటమూ ఉంది, భద్రతా ఉంది. జపాన్‌లో మరో బృందం సిలేన్‌కు బదులు సిలికాన్ టెట్రాక్లోరైడ్ వాడింది. అది మండదు, తేమ తగిలితే ఆమ్లపు పొగలు మాత్రం చిమ్ముతుంది.

ప్లాస్మాలో అడుగుపెట్టగానే ఎలక్ట్రాన్లు సిలేన్ నుంచి హైడ్రోజన్లను ఊడగొడతాయి. అరకొర బంధాలతో మిగిలిన సిలికాన్ ముక్కలు తోడు వెతుక్కుంటాయి. రెండు కలిసి నాలుగు, నాలుగు కలిసి పది. ఒక హద్దు దాటాక ఆ గుంపు మళ్లీ విడిపోదు. అదే విత్తనం. ఆ తర్వాత మీద పొరలు పట్టి పెరుగుతుంది. ఇంతలో వాయువు దాన్ని ప్లాస్మా బయటికి తోసేస్తుంది. ఆట ముగిసింది. శంకరన్ బృందానికి ఒకటి నుంచి మూడు నానోమీటర్ల రేణువులు వచ్చాయి. అతినీలలోహిత కాంతి వేస్తే అవి 420 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలిగాయి. పీల్చుకున్న కాంతి కణాల్లో దాదాపు 30 శాతం వెలుగుగా తిరిగి ఇచ్చాయి.

ఇక్కడో మెలిక ఉంది. సిలికాన్ రేణువుల నీలి వెలుగు అంతా చిన్నదనం వల్లనేనా, పైపొరలో చేరిన ఆక్సిజన్‌కూ వాటా ఉందా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఎరుపు, నారింజ వెలుగుల విషయంలో ఇంత తగాదా లేదు.

వాయువు చల్లగా ఉంటే స్ఫటికం ఎలా కడుతుంది?

మంచి ప్రశ్న. పరమాణువులు బారులు తీరడానికి వేడి కావాలి కదా! 2005లోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఊవే కోర్ట్స్‌హాగెన్ బృందం తక్కువ పీడనం ప్లాస్మాలో సిలికాన్ స్ఫటిక రేణువులు చేసింది. అక్కడి వాయువు వేడి స్ఫటికీకరణకు చాలదు, అయినా రేణువులు స్ఫటికాలే. ఎలాగో తర్వాత తేలింది. రేణువు ఉపరితలం మీద ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలుస్తాయి, విడి హైడ్రోజన్ పరమాణువులు జతకడతాయి. కలిసిన ప్రతిసారీ కొంత శక్తి రేణువు మీద పడుతుంది. ఏడు వందల పరమాణువుల రేణువుకు ఒక్కో దెబ్బ పెద్దదే. దాంతో రేణువు తన చుట్టూ ఉన్న వాయువు కన్నా వందల డిగ్రీలు ఎక్కువ వేడెక్కి, మళ్లీ చల్లారుతుంది. గది చల్లగా ఉన్నా కొలిమిలోని ఇనుప ముక్క ఎర్రగా ఉన్నట్టు.

రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుపోవా?

మసి అంటుకుంటుంది. అందుకే కాటుక గుత్తులు గుత్తులుగా, దూది పింజలా ఉంటుంది. ప్లాస్మాలో మాత్రం రేణువులకు ఒక రక్ష ఉంది. వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లే ముందుగా వచ్చి రేణువు మీద వాలతాయి కాబట్టి అక్కడి రేణువులకు ఎక్కువగా ఋణావేశం వస్తుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి దూరం నెడతాయి.

ఈ సంగతి బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. చిప్‌ల తయారీలో ప్లాస్మా వాడతారు. ఎంత శుభ్రంగా ఉంచినా చిప్‌ల మీద దుమ్ము పడి పాడయ్యేవి. గది గాలిదో, మనుషుల ఒంటిదో అనుకున్నారు. 1989లో ఐబీఎమ్‌లో గ్యారీ సెల్విన్, సహచరులు పరికరంలోకి లేజర్ కాంతి వేసి చూశారు. దుమ్ము బయటి నుంచి రావడం లేదు. ప్లాస్మాలోనే పుట్టి, ఆవేశం వల్ల సిలికాన్ పలక పైన మబ్బులా తేలుతోంది. ప్లాస్మా ఆపగానే ఆ మబ్బు పలక మీద పడుతోంది. ఆ రోజుల్లో తరిమేయాలనుకున్న దుమ్మునే ఇప్పుడు కోరి పుట్టిస్తున్నారు.

బయటికి వచ్చినవాటిని ఎలా పట్టుకుంటారు?

వాయువును ద్రవంలోకి బుడగలుగా పంపి ఇంకిస్తారు, లేదా పలక మీదికి చిమ్మిస్తారు. అసలు పని ఇక్కడే మిగిలి ఉంది. పైపొర పరమాణువులకు చేతులు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఎలక్ట్రాన్ చిక్కుకుంటే వెలుగు ఆరిపోతుంది. గాలి తగిలితే ఆక్సిజన్ పట్టుకుంటుంది. అందుకని ఆ ఖాళీ చేతులకు కార్బన్ గొలుసులను తగిలిస్తారు. దీనికీ చిన్న ప్లాస్మాయే ఒక దారి చూపింది. రేణువులున్న ఇథనాల్ మీద ప్లాస్మాను ఆనించి, ద్రవంలోనే పైపొర మార్చే పద్ధతిని దవిదే మారియొట్టి, సహచరులు 2012లో చూపారు.

ఇంతకీ ఎంత తయారవుతుంది?

ఇక్కడే నిజం ఒప్పుకోవాలి. నిమిషానికి 100 ఘన సెంటీమీటర్ల ఆర్గాన్‌లో పది లక్షలకు పది వంతులు సిలేన్ ఉందనుకుందాం. అందులోని సిలికాన్ ఒక్క పరమాణువూ వృథా కాకుండా రేణువులైపోయినా గంటకు వచ్చేది సుమారు 70 మైక్రోగ్రాములు. ఆవగింజ బరువు మూడు మిల్లీగ్రాములనుకుంటే, ఆవగింజెత్తు సిలికాన్ కోసం 43 గంటలు కూర్చోవాలి. సంఖ్యలో చూస్తే మాత్రం, మూడు నానోమీటర్ల రేణువులు గంటకు రెండు వేల లక్షల కోట్లకు పైగా!

మిన్నెసోటా తరహా తక్కువ పీడనం పరికరం గంటకు పదుల మిల్లీగ్రాములు ఇస్తుంది. దానికి శూన్య పంపులు కావాలి. సూక్ష్మ ప్లాస్మాకు అవి వద్దు. పెంచాలంటే రంధ్రాన్ని వెడల్పు చేయకూడదు. చేశామా, వేడీ పేరుకుంటుంది, తీరికా పెరుగుతుంది, రేణువులు లావెక్కుతాయి. మిగిలిన దారి ఒక్కటే, అలాంటి రంధ్రాలను పదులూ వందలూ వరసగా పేర్చడం. ఊరి పెళ్లికి గాడిపొయ్యి తవ్వి వరసగా గుండిగలు ఎక్కించినట్టు. ఒక్కటే మహా గుండిగ అయితే అడుగు మాడుతుంది.

కాబట్టి బజారులో టన్నులకొద్దీ సిలికాన్ పొడి కావలసినవారికి ఈ పద్ధతి పనికిరాదు. కొత్త మిశ్రమం ఒకటి పరీక్షించాలి, కొలత కచ్చితంగా ఉండాలి, కొద్ది మోతాదు చాలు, శూన్య యంత్రాలకు డబ్బు లేదు అనుకునే ప్రయోగశాలకు ఇంతకన్నా మంచి పనిముట్టు అరుదు. ఒక గొట్టం, ఒక రెసిస్టర్, ఒక ఆర్గాన్ సిలిండర్‌తో పని మొదలవుతుంది. సిలేన్ విషయంలో మాత్రం తగిన శిక్షణ, తగిన ఏర్పాట్లు లేకుండా ఎవరూ చేయి పెట్టకూడదు. అది ఆముదపు దీపం కాదు.

ఈసారి కాటుక పళ్లెం చూస్తే ఒకసారి గమనించండి. దీపానికి మరీ దగ్గరగా పెట్టినా, మరీ దూరంగా పెట్టినా మసి సరిగా పట్టదు. ఎక్కడ ఆపాలో తెలియడమే అందులో నేర్పు. సిలికాన్‌కూ అంతే.